పద్నాలుగు వరుసల జూదం పట్టిక

జర్మనీలో, ఇంగోల్‌స్టాట్ కార్ల కర్మాగారంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తలుపు అంచుల మధ్య సందును మిల్లీమీటరులో పదోవంతు వరకు కొలిచి జీతం తీసుకున్నాను. పదవీ విరమణ తరువాత కొలవడానికి తలుపులు మిగలలేదు, అల్లుడు మిగిలాడు.

అల్లుడు మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అప్పుడప్పుడు శనివారం సాయంత్రాలు ఆఫీసు మిత్రులతో కాసినోకు వెళ్లి పోకర్ ఆడతాడు. ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తూ ముందురోజు ఆటను నాకు వివరించడం అతని అలవాటు.

"జూదం అనకండి మామయ్య గారూ. ఇది స్కిల్ గేమ్."

ఆ నైపుణ్యం ధర్మమా అని పదమూడు సార్లు వెళ్లి, సగటున డెబ్భై యూరోల చొప్పున, 910 యూరోలు సమర్పించి వచ్చాడు. పద్నాలుగోసారి, 2024 నవంబరు 9, శనివారం, ఒక టోర్నమెంటులో 7,350 యూరోలు గెలిచాడు.

ఆ సొమ్ము గెలిచిన క్షణంలోనే మా లెక్కలో వంటగదిగా మారిపోయింది. ఈ దేశంలో అద్దె ఇల్లంటే చాలా చోట్ల వంటగది ఉండాల్సిన గదిలో రెండు నీటి గొట్టాలు మాత్రమే ఉంటాయి. పొయ్యి, సింకు, అరలు అద్దెకు వచ్చినవారే కొని బిగించుకోవాలి. కొత్త అద్దె ఇంట్లోకి మారిన అక్టోబరు ఒకటి నుంచి మా అమ్మాయి స్నానాలగదిలో, వాషింగ్ మెషీన్ మీద విద్యుత్ పొయ్యి పెట్టి వండుతోంది.

"నాన్నా, స్పిన్ మొదలైతే పప్పు మెదపక్కర్లేదు, దానంతటదే మెదుగుతుంది," అని చెప్పేది. బిగింపుతో సహా 7,100 యూరోలకు వంటగది మాట్లాడి పెట్టుకుంది.

వాళ్ల పన్ను రిటర్ను ఏటా తయారుచేసేది నేనే. మన దేశంలో పందెంలో వచ్చిన సొమ్ము మీద నూటికి ముప్ఫై పన్ను ఉందని నాకు తెలుసు. కాబట్టి దీన్నీ చూపించాలన్నాను.

"ఇక్కడ గెలిచినదాని మీద టాక్స్ లేదండీ. మా కొలీగ్ చెప్పాడు."

"కొలీగ్ అంటే ఏ చట్టంలో ఎన్నో సెక్షను బాబూ?"

కొలీగ్ చెప్పిందే నిజమని తరువాత చదివి తెలుసుకున్నాను. జర్మన్ చట్టం ఆదాయాన్ని ఏడు రకాలుగా విభజించింది. అదృష్టం ఆ ఏడింటిలోనూ లేదు. అయినా దానికొక స్థానం కల్పించే బాధ్యతను ఎవరూ అప్పగించకుండానే నేను స్వీకరించాను.

రిటర్నుకు ఒక పట్టిక జతచేశాను. తేదీ, ప్రవేశించిన సమయం, వెలుపలికి వచ్చిన సమయం, పెట్టిన సొమ్ము, ఫలితం, వ్యాఖ్య. అన్నీ ఆదివారం భోజనాల దగ్గర అల్లుడు స్వయంగా చెప్పినవే. వ్యాఖ్య గడిలో మాత్రం అతను "బ్యాడ్ లక్" అన్న ప్రతిచోటా నేను "తప్పుడు నిర్ణయం" అని జర్మన్‌లో నమోదు చేశాను. కొలతలో మొహమాటం పనికిరాదు.

ఐదు వారాలకు పన్ను కార్యాలయం నుంచి రెండు పేజీల లేఖ వచ్చింది. జతచేసిన వివరమైన రికార్డులను బట్టి చూస్తే ఈ ఆటను క్రమంగా, లాభాపేక్షతో, వృత్తిగా సాగిస్తున్నట్టు అనిపిస్తున్నదని, నైపుణ్యంతో ఆడే వృత్తి అయితే గెలుపు పన్ను పరిధిలోకి వస్తుందని, వివరణ ఇమ్మని అందులో ఉంది. సరదాగా ఆడేవాడెవడూ వెలుపలికి వచ్చిన నిమిషం రాసి పెట్టుకోడని నాకు అప్పుడు తట్టింది. నష్టాలు పోగా 6,440. అల్లుడి జీతానికి వర్తించే నూటికి నలభై రెండు చొప్పున పన్ను 2,704 యూరోల 80 సెంట్లు. వంటగదిలో సింకు ఉన్న వైపంతా అన్నమాట.

"ఎవరూ అడగలేదు కదా నాన్నా!" అంది అమ్మాయి.

"అడగకముందే చెప్పడం నిజాయితీ అమ్మా."

"సరే, రేపటి నుంచి ఆ నిజాయితీ మీదే చారు పెడతాను. ముందు పన్నువాళ్ల దగ్గర టెర్మిన్ తీసుకోండి."

టెర్మిన్, అంటే వాళ్లను కలిసే సమయం, మే 13, మంగళవారం, ఉదయం పది ఇరవైకి దొరికింది. ముగ్గురం వెళ్లాం. ఉద్యోగిని యాభై దాటిన మనిషి; నా పట్టికను నాకంటే శ్రద్ధగా చూసింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేను."

"మీరు ఆడతారా?"

"జీవితంలో ఒక్కసారి కూడా ఆడలేదు."

ఆమె అల్లుడి వైపు తిరిగింది. "మీరు మంచి ఆటగాడేనా?"

రెండేళ్లుగా నాకు నైపుణ్యం గురించి ఉపన్యాసాలు ఇచ్చినవాడు నా పట్టిక వైపు, తరువాత అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి అతన్నే చూస్తోంది.

"లేదు," అన్నాడు. "నాకు ఆట సరిగా రాదు."

ఆమె తలూపి, నిర్ధారణ కోసం కాబోలు, వ్యాఖ్యల గడిని పైనుంచి కిందికి బిగ్గరగా చదివింది. తప్పుడు నిర్ణయం. తప్పుడు నిర్ణయం. తప్పుడు నిర్ణయం. పదమూడు సార్లు. చివరి వరుసలో నేను రాసింది ఒకే మాట: అదృష్టం.

"ఈ అభిప్రాయం ఎవరిది?"

"నాదేనండీ," అన్నాను.

"సరిపోతుంది," అని పట్టికను ఫైలులో పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో, రైల్లో అల్లుడు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "ఒక్క దాంట్లోనైనా బ్యాడ్ లక్ అని రాయాల్సింది మామయ్య గారూ."

"రాసి ఉంటే వంటగది పోయేది బాబూ."

గెలుపును ఆదాయంగా లెక్కించడం లేదని జూన్‌లో లేఖ వచ్చింది. జూలైలో వంటగది బిగించారు. అరల తలుపుల మధ్య సందులు కొలిచాను. రెండు చోట్ల తేడా ఉంది, చెప్పలేదు.

మొదటి ఆదివారం భోజనం వాళ్లింట్లోనే. కదలని పొయ్యి మీద పప్పు వండి అమ్మాయి వడ్డిస్తోంది. నా దగ్గర పట్టికలో పదిహేనో వరుస గీసి సిద్ధంగా ఉంది.

"నిన్న శనివారం కదా," అన్నాను. "ఏమైంది?"

అల్లుడు పప్పు గిన్నె నా వైపు జరిపాడు.

"ఇంకాస్త వేసుకోండి మామయ్య గారూ."