చర్చి చరిత్రలో నేను కొట్టేసిన పేరు

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ దించేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఆంధ్రరాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. చిలకలూరిపేట దగ్గర మా ఊరి చర్చికి డెబ్భై అయిదేళ్ల జూబిలీ వచ్చింది. మిషన్ బడి పంతుల్ని కదా, చర్చి చరిత్ర రాసే పని పాస్టరు అయ్యగారు నాకే అప్పగించారు. ఆ నెలంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. మిరపచేల గట్ల మీద కూర్చుని ముసలివాళ్లు చెప్పిందల్లా రాసుకున్నాను.

మా ఊళ్లో మొట్టమొదట బాప్తిస్మం పొందింది మా తాతేనని నాన్న గొప్పగా చెప్పేవాడు. అది కళ్లారా చూద్దామని చర్చి బీరువాలోంచి పాత బాప్తిస్మాల పుస్తకం తీశాను. మొదటి పేరు దేవమ్మ. పక్కన ‘కూలి’ అని ఉంది. మా తాతది నాలుగో పేరు.

దేవమ్మ కూతురు శాంతమ్మ అప్పటికి ఉంది. వెళ్లి అడిగాను. దేవమ్మ గుంటూరు దాకా నడిచి వెళ్లి, బోధకుణ్ణి వెంటబెట్టుకొచ్చి, తన గుడిసె ముందే మొదటి ప్రార్థన పెట్టించిందట. పత్తి తీతకు పిలవడం మానేస్తామని రైతులు బెదిరించినా లొంగలేదట. వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. మరి ఎందుకు రాయలేదు? నాన్న బాధపడతాడనా? అలాగే చెప్పుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. ఒక కూలిమనిషి వెనక మా ఇంటిపేరు ఉండటం నేనే ఓర్వలేకపోయాను.

తాత పేరే మొదట రాశాను. జూబిలీ రోజు పందిరి నిండా జనం. నేను చదువుతుంటే చప్పట్లు మోగాయి. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. ఆ గొప్ప దొంగసొత్తని తెలిసి కూడా పొంగిపోయాను.

అందరూ భోజనాలకు లేచాక శాంతమ్మ నా దగ్గరికి వచ్చింది.

"పంతులుగారూ, మా అమ్మ పేరు ఇనపళ్లేదేందండీ?"

"పుస్తకంలో లేదమ్మా."

"బాగా చూశారా?"

"నాలుగుసార్లు చూశాను."

ఆవిడకు చదువు రాదు. "అయితే మా అమ్మే నాకు గొప్పలు చెప్పిందేమోలెండి," అంది.

ఒక్క మాటతో చచ్చిపోయిన తల్లిని కూతురి ముందు అబద్ధాలకోరును చేశాను. శాంతమ్మ పోయి ఆరేళ్లయింది. నన్ను క్షమించగలిగిన మనిషి లేదు. ఉంటే మాత్రం అడిగే ముఖం నాకుందా?

రేపు అయ్యగారికి ఆ బాప్తిస్మాల పుస్తకం చూపిస్తాను. ఆదివారం అందరి ముందూ చదువుతాను. శాంతమ్మ మనవరాళ్లు వింటారు. ఎనభై దాటిన మా నాన్న కూడా వింటాడు. ఏమంటారో తెలియదు.

ఇంతవరకూ రాసి, ఆపుకోలేక ఆ పేరు పైకి చదివాను. వంటింట్లోంచి మా ఆవిడ అడుగుతోంది, "ఎవరండీ ఆ దేవమ్మ?"

చెప్పడానికి లేస్తున్నాను.