పేరు పెట్టి పిలవకూడని మనిషి

వోల్టా సరస్సు ఒడ్డున యెజి ఊళ్ళో చేపలు పొగబెట్టే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, జిగ్‌బోడి నోటికి భయపడనివాళ్ళు లేరు. తాగొచ్చి చెయ్యెత్తిన మొగుణ్ణి చేపల బుట్టతో కొట్టి లారీల అడ్డాదాకా తరిమిన మనిషి. ఆ తర్వాత ఒంటరిగానే ఉండిపోయింది. పొద్దున్నే రేవుకు వెళ్ళి చేపలు బేరమాడటం, మట్టిపొయ్యిల మీద పేర్చడం, పొగకు కళ్ళు తుడుచుకుంటూ వాటిని తిరగేయడం. అంతే ఆమె బతుకు.

ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి ఆ సరస్సులో ఇంకా నిలబడే ఉంది. ఆకు లేని మానులు నీళ్ళలోంచి తలలెత్తి చూస్తుంటాయి. వాటికి తగిలి పడవలు చీలిపోతుంటాయి కాబట్టి వడ్రంగికి అక్కడ పనికి కరువుండదు. అగ్‌బెకో అలాగే వచ్చాడు, భుజాన పనిముట్ల సంచితో. ఏ ఊరంటే "కింది వైపు" అనేవాడు. అంటే సముద్రం వైపు. అంతకుమించి ఎవరూ రాబట్టలేకపోయారు.

పని అయ్యాక వచ్చి జిగ్‌బోడి పొయ్యిల పక్కన కూర్చునేవాడు. పొగ ముఖాన కొడుతున్నా కళ్ళార్పేవాడు కాదు.

"ఒసే, నీ పొగకి ఏడవని మగాడు దొరికాడే!" అని పక్క పొయ్యి ఎసినామ్ ఎగతాళి చేసింది. "వదలకు. వీణ్ణి తరమడానికి బుట్ట చాలదు."

"నీ చేపలు మాడుతున్నాయి, ముందు అవి చూసుకో," అంది జిగ్‌బోడి. కానీ ఆ సాయంత్రం మొక్కజొన్న అక్‌ప్లే ముద్ద ఇంకొకటి ఎక్కువ వండింది.

అతను ఇంట్లోకి మారాడు. తక్కువ మాట, మెత్తని చెయ్యి. ఆమె అరిస్తే నవ్వేవాడు, ఆమెకు కోపం నిలిచేది కాదు. అయితే ఎడారి వైపు నుంచి పొడిగాలి వీచే రోజుల్లో ఊరందరి పెదవులూ పగిలి రక్తం కారుతుంటే అతనివి మాత్రం తడిగా ఉండేవి. అతని గుండెల మీద తల పెట్టుకుంటే లోపల ఏదో పెద్ద చప్పుడు వచ్చి విరిగి వెనక్కిపోతున్నట్టు ఉండేది. సరస్సులో ఎప్పుడూ అలాంటి చప్పుడు లేదు. ఆమెకు అర్థం కాలేదు, హాయిగా నిద్రపట్టేది.

సంత రోజున మాత్రం చీకటితోనే పడవేసుకుని లంకల్లోకి మాయమయ్యేవాడు. కింది నుంచి వచ్చిన లారీలన్నీ వెళ్ళిపోయాకే తిరిగొచ్చేవాడు. లంకలో ఇంకో ఆడది ఉందేమోనని ఆమె ఒకసారి అతని వెంట వెళ్ళింది. ఎండు మానుల మధ్య పడవ ఆపుకుని, తల దించుకుని, ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆడదాన్ని చూసినా అంత భయం వేసేది కాదు.

ఒక సంతకు చేపలు కొనడానికి వచ్చిన సముద్రపు ఒడ్డు వ్యాపారి, రేవులో అగ్‌బెకో బాగుచేసిన పడవ ముందు నిలబడిపోయాడు. దాని మూతి మీద రెప్ప వాల్చిన కన్ను చెక్కి ఉంది.

"ఇది ఎవరి చెయ్యి, అక్కా?"

"మా ఆయనది. ఏం?"

"ఇలా కళ్ళు చెక్కేవాడు మా పక్కూళ్ళో ఒకడే ఉండేవాడు. వాడు..." వ్యాపారి మాట మింగేశాడు. "వాణ్ణి సముద్రం తీసుకుపోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చాక పాతిపెట్టిన రోజు నేనూ ఉన్నాను."

"లోకంలో ఒక్కడేనా కళ్ళు చెక్కేది?" అని ఆమె నవ్వింది. ఆ పోయినవాడి ఊరేదో మాత్రం మాటల్లో పెట్టి అడిగి తెలుసుకుంది.

ఉప్పు కొనుక్కొస్తానని చెప్పి బయల్దేరింది. ఆమె సముద్రాన్ని అంతవరకూ చూడలేదు. లారీ దిగగానే ఇసకదిబ్బ అవతలి నుంచి ఆ చప్పుడు వినిపించింది. వచ్చి, విరిగి, వెనక్కిపోతోంది. అతని గుండెల్లో వింటూ తను నిద్రపోయే చప్పుడు అదే. ఆమె ఇసకదిబ్బ ఎక్కి చూసి, ఊళ్ళోకి నడిచింది.

పడవలకు కళ్ళు చెక్కే అబ్బాయి ఇల్లెక్కడని అడిగితే జనం వింతగా చూసి ఒక ఇల్లు చూపించారు. గోడకు అగ్‌బెకో పటం, పటం చుట్టూ నల్లగుడ్డ. దాని కింద కాళ్ళు చాపుకుని ఒక ముసలమ్మ ఉల్లిపాయల్ని జడలా అల్లుతోంది.

"నేను పై నుంచి వచ్చానమ్మా. మీ అబ్బాయి..." అని జిగ్‌బోడి ఆగిపోయింది.

ముసలమ్మ చేతులు ఆగాయి. జిగ్‌బోడి ముఖంలోకి చూసింది.

"తింటున్నాడా?"

జిగ్‌బోడి తల ఊపింది.

"బెండకాయ పులుసేనా?"

"దాంట్లో పీత వెయ్యందే ముట్టడు."

ముసలమ్మ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఈ కబురు తెచ్చినవాళ్ళలో నువ్వు మొదటిదానివి కాదమ్మా. కుమాసి పట్నంలో మా మేనల్లుడికి కనిపించాడట. ఆ వెధవ సంతోషం పట్టలేక ఇంట్లో పిలిచే పేరు పెట్టి కేకేశాడు. మావాడు పనిముట్లు అక్కడే పడేసి మాయమయ్యాడు. వయసులో పోయినవాళ్ళు అంతే, మిగిలిన బతుకు ఎక్కడో బతుకుతారు. చిన్నప్పటి పేరుతో పిలిస్తే ఇక నిలవరు."

"మీరొస్తారా? దూరం నుంచే చూద్దురు గాని. ఊరి పేరు..."

ముసలమ్మ చటుక్కున ఆమె నోరు మూసింది. "చెప్పకు. తెలిస్తే వచ్చేస్తాను. వస్తే పిలిచేస్తాను. తల్లిని, నా నోరు ఆగుతుందా?"

తిరుగు దారిలో జిగ్‌బోడి ఉప్పు మూట కొనుక్కుంది. ఇంటికి రాగానే అతను ఉప్పు మూట అందుకుని, చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు.

"అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా?" అని అడిగాడు, నేల చూస్తూ.

ఆమెకు పారిపోవాలనిపించింది. గుమ్మందాకా నడిచింది కూడా. అక్కణ్ణించి వెనక్కి చూస్తే, దెబ్బలు తినడానికి సిద్ధమైన పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"తగ్గలేదు. కాళ్ళు చాపుకునే కూర్చుంటోంది."

"నన్ను పొమ్మంటావా?"

"పొయ్యిల మీద కప్పు సగం వేసి వదిలేశావు. అది పూర్తి చెయ్యకుండా ఎక్కడికి పోతావు?"

ఆ తర్వాత సంత రోజుల్లో కాపలా ఆమెదే. కింది లారీ కనబడితే అరిచి కబురు పంపేది. ఎవరైనా పడవ కళ్ళ గురించి అడిగితే తిట్టి పంపేది. అలా చాలా ఏళ్ళు గడిచాయి. మంచి ఏళ్ళే. పిల్లలు మాత్రం కలగలేదు. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఒక వానాకాలం ఉదయం ఇద్దరూ రేవులో కొత్త పడవకు తారు పూస్తున్నారు. సరస్సు మీద మంచు దట్టంగా కమ్మింది. ఎండు మానుల వైపు నుంచి ఎవరో ఒక పేరు పిలిచారు. ముసలి గొంతు. జిగ్‌బోడికి ఆ గొంతు తెలుసు. ఆ పేరు వినడం మాత్రం అదే మొదలు. దాన్ని ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

అతని చేతిలోంచి కుంచె జారింది.

"మోకాళ్ళ నొప్పి పోయినట్టుంది," అన్నాడు. "నీళ్ళ మీద నడిచొస్తోంది."

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. అవతల మళ్ళీ పిలుపు వినిపించింది, అన్నానికి ఆలస్యమైన కొడుకును పిలిచినట్టు. ముసలమ్మ ఇన్నేళ్ళు నోరు బిగబట్టుకుంది తన కోసమేనని జిగ్‌బోడికి తెలుసు. వేళ్ళు వదిలింది. పరుగున వెళ్ళి పొయ్యి మీంచి వేడి చేపలు ఆకులో చుట్టి తెచ్చింది.

"అమ్మకి పెట్టు. ముళ్ళు తీసి పెట్టు."

అతను ఆమె నుదుటికి నుదురు ఆనించాడు. ఆ చప్పుడు ఒక్కసారి వచ్చి విరిగింది. తర్వాత మోకాలి లోతు నీళ్ళలోకి నడిచి మంచులో కలిసిపోయాడు. నీళ్ళు కదిలిన శబ్దం కూడా రాలేదు.

ముసలమ్మ పోయిందన్న మాట వ్యాపారి తరవాతి సంతకు తెచ్చాడు. జిగ్‌బోడి నల్లబట్ట కట్టుకుని ఆ ఊరు వెళ్ళింది. ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుంటే ఒక పెద్దావిడ ఒంగి అడిగింది:

"నువ్వెవరమ్మా?"

"కోడల్ని."

పెద్దావిడ గోడ మీది పటం వైపు ఒకసారి చూసింది. ఇంకేమీ అడగలేదు. పక్కకు జరిగి, కోడలు కూర్చునే చోటు చూపించింది.