కొంత అంటే ఎంత?

కళ్ళద్దాల షాపులో ఆమెను అందరూ అద్దాలక్క అనేవారు. ఫ్రేములు బిగించడం, ముక్కు మీంచి జారే అద్దాలను సరిచేయడం ఆమె పని. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక వెనక గదిలో, లెన్సులు అరగదీసే మెషీను పక్కన స్టూలు వేసుకుని ఫోన్లో నవల రాసుకునేది. ప్రేమ నవల. పైవాటాలో అద్దెకు దిగిన సర్వేయరు, కింది వాటాలో ఇంటివాళ్ళమ్మాయి. అతను బదిలీ మీద వెళ్ళిపోతాడు. ఆ అమ్మాయి ఎదురుచూస్తుంది.

నవల పూర్తయ్యాక ప్రచురణకర్తలకు పంపింది. "కొత్తవాళ్ళవి వేయమండీ" అని జవాబిచ్చినవాళ్ళే మర్యాదస్తులు. మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా పలకలేదు. చివరికి తానే ఆన్‌లైన్లో పెట్టడానికి కూర్చుంది. అంతా నింపి, ధర దగ్గర ఆగిపోయింది.

భర్త లిఫ్టు మెకానిక్కు. అప్పుడే ఇంటికొచ్చి చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాడు.

"ఏవండీ, ఎంత పెట్టమంటారు?"

"సరుకు చూడకుండా రేటు నేనేం చెప్తాను?"

"చూడొచ్చుగా."

"నాకెక్కడ కుదురుతుందే" అంటూ స్నానానికి వెళ్ళిపోయాడు.

పేరున్న రచయితల పుస్తకాలకు ఉండే ధరే పెట్టింది. ఒక్కరూ కొనలేదు. సగానికి తగ్గించింది. అప్పుడూ అంతే. ఒక టీకి అయ్యేంత పెట్టింది. చివరికి ఉచితం అని రాసేసింది. ఆ వారమంతా జనం ఎగబడి తీసుకున్నారు. ఆమె ఫోను పక్కన పెట్టలేకపోయింది. తీసుకున్నవాళ్ళలో తెరిచి చదివినవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేదు. నెల తిరిగాక ఒక అభిప్రాయం వచ్చింది: "ఊరికే వచ్చింది కాబట్టి పర్వాలేదు." ఆ పూట ఆమె చేతిలో ఒక పెద్దాయన కళ్ళజోడు కాడ పుటుక్కున విరిగింది. అన్నేళ్ళ పనిలో అలా ఎప్పుడూ కాలేదు.

ఆడపడుచుకు రెండు వీధుల అవతల బ్యూటీ పార్లరు ఉంది. నోరున్న మనిషి. చేతిలో ఫోను లేకుండా నిద్ర కూడా పోదంటారు.

"ఫ్రీ అంటే ఫినాయిలైనా తాగుతారు వదినా, పుస్తకం తీసుకోరా? తీసుకున్నారు, మూల పడేశారు. ముందు డబ్బు పెట్టించు. పెట్టిన డబ్బు కోసమైనా చదువుతారు."

"ఎవరు పెడతారు? నేనెవరో ఎవరికి తెలుసు?"

"అదే చెప్తున్నా. పేరు లేనప్పుడు కథ ఒక్కటే అమ్మితే చాలదు, కథ వెనక కథ కూడా అమ్మాలి. రేపు పార్లరుకి రా."

మర్నాడు ఆమెను అద్దం ముందు కూర్చోబెట్టి, ముఖానికి కాస్త మెరుగు పెట్టి వీడియో తీసింది. నవల గురించి అవీ ఇవీ అడిగి, ఉన్నట్టుండి, "నిజం చెప్పండి, ఇది మీ జీవితంలో జరిగిందేనా?" అంది. అద్దాలక్క తడబడింది. కాదు అనబోయింది. ఫోను వెనక నుంచి ఆడపడుచు కళ్ళతోనే బతిమాలుతోంది.

"కొంత" అంది, తల దించుకుని.

ఆ తల దించుకోవడమే ఊరంతా తిరిగింది. ఎవరు ఎవరికి పంపారో తెలియదు. "ఆ సర్వేయరు ఇప్పుడెక్కడున్నాడు?" "మళ్ళీ కనపడ్డాడా?" అని వందల ప్రశ్నలు. ఆడపడుచు ధర పెంచింది. కొన్నారు. ఇంకా పెంచింది. అప్పుడూ కొన్నారు. షాపుకు వచ్చిన ఒకామె అద్దాలు పెట్టుకుని చూస్తూ ఆగిపోయి, "మీరే కదూ?" అని చేయి పట్టుకుంది. అద్దాలక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన రాతను ఒక మనిషి చదివింది. అంతకు మించి ఆమె ఏదీ ఆలోచించలేదు.

ఒక సెలవు రోజు భర్త కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఫోనులో ఏదో చదువుతున్నాడు. వెనక నుంచి తొంగి చూసింది. తన నవల. పూర్తి ధర పెట్టి కొన్నాడు, ఆమెకు మాట మాత్రం చెప్పకుండా. ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు. చప్పుడు చేయకుండా కాఫీ తెచ్చి పక్కన పెట్టింది.

అతను తలెత్తకుండానే అడిగాడు. "మీ పుట్టింట్లో పైవాటాకి మెట్లు బయటినుంచి ఉండేవి కదూ?"

"అవును. అదే రాశాను."

కాసేపటికి, "గది కిటికీ పంపు వైపు ఉండేది?"

"అబ్బ, ఎంత గుర్తండీ మీకు!" అంది మురిసిపోతూ.

అతను నవ్వలేదు. చదవడం ఆపాడు. "ఎవడు వాడు?"

అప్పటిగ్గానీ ఆమెకు తెలిసిరాలేదు. పనిచేసే చోట అతనికి ఆ వీడియో ఎప్పుడో చూపించారట. "సర్వేయరు గారు కులాసాయేనా?" అని రోజూ వేళాకోళం. అతనూ వాళ్ళతోపాటు నవ్వుతూ వచ్చాడు, ఇన్నాళ్ళూ.

"ఎవడూ లేడండీ! పైవాటాలో ఇద్దరు నర్సమ్మలు ఉండేవాళ్ళు. పెళ్ళికొచ్చి భోజనం కూడా చేసి వెళ్ళారు, మీరు చూశారు."

"కొంత అన్నావుగా."

"మీ చెల్లెలు అనమంది. పుస్తకం అమ్ముడుపోవాలని."

"కొంత అంటే ఎంత?"

అతను కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "అబద్ధం చెప్పి అమ్మావా, నిజం చెప్పి అమ్మావా? రెండిట్లో నాకేది నయమో నాకే తెలీడం లేదు."

ఆ తర్వాత ఇంట్లో అరుపులూ కేకలూ ఏమీ లేవు. అన్నం పెడితే తినేవాడు, అడిగినదానికి జవాబిచ్చేవాడు. అరిచినా బాగుండేదనిపించేది ఆమెకు.

వీడియో తీసేయమని ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది.

"నీకేమైనా మతిపోయిందా వదినా? కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా? అన్నయ్య సంగతి నాకొదిలెయ్, నాలుగు రోజుల్లో సర్దుకుంటాడు."

"మీ అన్నయ్యని నవ్వులపాలు చేశాం మనం."

"నేనొక్కదాన్నేనా? ఆ మాట అన్నది నీ నోరే కదా!"

అది నిజమే. అద్దాలక్క షాపు వెనక గదిలో నిలబడి తానే ఇంకో వీడియో తీసుకుంది. నవలంతా కల్పన, సర్వేయరు అనే మనిషి ఎన్నడూ లేడు, కొంత అనడం నా తప్పు. అంతే చెప్పింది. దాంతో మెచ్చుకున్న నోళ్ళే తిట్టాయి. మోసం అన్నారు, డబ్బు వెనక్కిమ్మన్నారు. మొగుడు బెదిరించి చెప్పించాడని ఇంకొందరు. అమ్మకాలు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయాయి. ఆడపడుచు మాట్లాడటం మానేసింది.

భర్త ఆ వీడియో కూడా చూశాడు. "ఇప్పుడు నా మీద జాలి పడుతున్నారు వాళ్ళు. వేళాకోళమే నయం" అన్నాడు.

ఆమె కడుగుతున్న గిన్నెలు కడుగుతున్నట్టే వదిలేసి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. "కొంత అంటే ఎంతో చెప్తాను, వినండి. మనిషి లేడు. ఒట్టు. ఎదురుచూడటం మాత్రం నాదే. అది కల్పించలేదు."

"ఎవరి కోసం?"

"మొదట్లో మీ కోసమే. మీరు సైట్ల మీద తిరిగే రోజుల్లో, ఎప్పుడొస్తారో ఏమో అని. మీరొచ్చాక కూడా అది పోలేదు. తర్వాత్తర్వాత ఎవరి కోసమో కూడా మర్చిపోయాను. ఎదురుచూడటమే మిగిలింది."

ఎవడో ఉన్నాడని చెప్పినా అతను అంతగా చిన్నబోయేవాడు కాదేమో. లేచి వెళ్ళి ఆమె వదిలేసిన గిన్నెలు కడిగాడు.

ఏడాది తిరిగేసరికి ఆమె రెండో నవల ముగించింది. ఆడపడుచు తనంతట తానే వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఈసారి ఏమని చెప్పమంటావు?"

"కల్పన అని."

"కొనరు."

"కొనకపోతే మానె."

ధర మాత్రం ఈసారి ఆమే పెట్టింది, మరీ ఎక్కువా కాదు, ఊరికేనూ కాదు. వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది కొన్నారు. మళ్ళీ తగ్గించలేదు.

ఇంట్లో సర్వేయరు అన్న మాట ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. వీధి వెడల్పు చేయడానికి కొలతల మనుషులు వచ్చిన రోజు భర్త లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

రెండో నవల అతను ముందే అడిగి తీసుకుని చదివాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "ఈ అమ్మాయి బస్టాపులో అంతసేపు నిలబడింది కదా. వాడొక ఫోను చేయొచ్చుగా?" అన్నాడు.

"చేయడు."

"చేస్తే?"

"చేస్తే కథ ఉండదు."

ఈమధ్య షాపు మూసే వేళకు అతని ఫోను వస్తోంది. "బయల్దేరావా?" "ఆఁ, బయల్దేరుతున్నా." ఆపైన ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచదు. అయినా వెంటనే పెట్టేయరు. ఆమె షట్టరు దించే చప్పుడు అతనికి, అతని చుట్టూ ఎవరివో మాటలు ఆమెకు, కాసేపు వినపడుతూ ఉంటాయి.