వెనక్కి తిరిగి కూర్చున్న టీచరమ్మ

బొగ్గుల మీద మక్కజొన్న కంకి మాడిన వాసన వస్తే చాలు, నాకు సరోజన టీచరమ్మ వీపు గుర్తొస్తుంది. ముఖం ఆ తర్వాతే. బడి ఉద్యోగం నుంచి రిటైరై, బెల్లంపల్లిలో మా పక్కింట్లో ఉండేవారు. నా కొడుకు వంశీకి మాట తిరిగి తెచ్చిన మనిషి.

వాడికి నత్తి. మూడో తరగతిలో పిల్లలు వెక్కిరిస్తుంటే బడిలో నోరు తెరవడం మానేశాడు. తర్వాత ఇంట్లోనూ అంతే. పొద్దున బ్యాగు చూస్తేనే వాంతి చేసుకునేవాడు. ఇంట్లోనే చదివిద్దామని నా ఆశ. "పోలీసులొస్తే ఏం జెప్తవ్?" అని మా ఆయన అన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. చివరికి రెండిళ్ల మధ్య గోడ దగ్గర నిలబడి టీచరమ్మను అడిగాను.

"జైలేం లేదు, ఫికర్ జెయ్యకు," అన్నారు. "పధ్నాలుగేండ్ల దాక చదువు పిల్లగాని హక్కు. ఇంట్ల చదివిచ్చుడు గురించి చట్టంల సాఫ్‌గ రాయలే. చదివిస్తే తల్లిదండ్రులకు శిక్షని సుత రాయలే. పర్మిషన్ కోసం తిరిగితే చెప్పులరుగుతయ్, అంతే. పెద్దసారుకు మంచిగ చెప్పి టీసీ తీస్కో. పుట్టిన సర్టిఫికెట్ల, టీసీల పేరు ఒక్కతీరుగ ఉందా జూడు. పధ్నాలుగు నిండినంక ఓపెన్ స్కూల్ల పదో తరగతి రాస్తడు."

"మరి రేపు ఏ పుస్తకంతోని మొదలువెట్టాలె టీచరమ్మా?"

"ముందుగాల పోరన్ని జర ఊపిరి పీల్చుకోనియ్యి. పొద్దుమీకి మా ఇంటికి తోలు."

వాడు వెళ్లేసరికి ఆమె పొయ్యివైపు తిరిగి, వాడికి వీపు పెట్టి కూర్చునేవారు. "నాకు కండ్లు కనవడ్తలేవు. కంకి కాలినంక నువ్వే జెప్పు," అనేవారు. ఆమెకు కళ్లు లక్షణంగా కనిపించేవి! వాడు చెప్పేవాడు కాదు. కంకి మాడిపోయేది. మాడినదే ఇద్దరూ తినేవారు. వారాలు గడిచాక ఓ సాయంత్రం గోడ ఇవతలికి వినిపించింది: "కా... కా... కాలింది." ఆమె వెనక్కి తిరగలేదు. "ఇంకోటి వెట్టాల్నా?" అన్నారు, అంతే. నేను నల్లా దగ్గర కూలబడి ఏడ్చాను.

అటెందుకు తిరుగుతారని తర్వాత అడిగాను. "మన ముఖంల పరేషాన్ కనవడ్తది బిడ్డా. అది జూసి ఆగిపోతడు."

అలాగే, వీపు పెట్టే, ఆరేళ్ల పాటు వాడి పాఠాలన్నీ విన్నారు. ఈ ఎండాకాలం పదో తరగతి ఫలితాలు వచ్చేనాటికి ఆమె మంచం పట్టారు. వంశీ అడుగుల చప్పుడు విని, పాత అలవాటుగా గోడవైపు ఒత్తిగిల్లారు. వాడు మంచం చుట్టూ తిరిగి, గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఆమె కళ్లలోకి చూస్తూ, "టీ... టీచరమ్మా, నేను పా... పాసైన," అన్నాడు. చూపు దించలేదు. ఆమె వాడి చెంప మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు.

కంకులు వచ్చే వేళకు ఆమె లేరు. పక్కింటికి తాళం. ఎంత బెంగగా ఉందో ఎవరికి చెప్పను? నిన్న సాయంత్రం నేనూ పొయ్యివైపే తిరిగి కూర్చున్నాను. వాడికి ఇప్పుడా అవసరం లేదు, నాకే అలవాటైంది. "కాలిందమ్మా, తియ్యి," అన్నాడు వెనక నుంచి.

తీయబుద్ధి కాలేదు. ఇంకాస్త మాడనిచ్చాను.