పరుపులాయన కూతురికి పక్క కుదిరిన సంగతి

పరుపులాయనని జనంలో వెతుక్కోనక్కర్లేదు. నెత్తి మీద ఎప్పుడూ కాస్త దూది ఉంటుంది. పొద్దున్నే తలస్నానం చేసి, నున్నగా పాపిడి తీసుకుని కొట్లోకి వెళ్లిన మనిషే, మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి కనుబొమ్మలతో సహా నెరిసిపోయి వస్తాడు. "మా ఆయనకి రోజూ పన్నెండింటికి ముసలితనం వస్తుంది, సాయంత్రం స్నానంతో పోతుంది" అని భార్య ఇరుగుపొరుగుతో అంటూ ఉంటుంది.

ఇంటి ముందుగదే కొట్టు. ఒక గోడకి దూది ఏకే మిషను, ఇంకో గోడకి గుడ్డ తానులు, మధ్యలో నేలకి జానెడు ఎత్తున పెద్ద చెక్కబల్ల. పరుపు కావాలని ఎవరొచ్చినా ఆయన ముందు కొలతలు అడగడు. "ఒకసారి ఆ బల్ల మీద పడుకోండి" అంటాడు. ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే పడుకోవాలి, మొహమాటం పనికిరాదు. బ్యాంకు మేనేజరు గారంతటివాడు కూడా చెప్పులు విడిచి, కళ్లజోడు జేబులో పెట్టుకుని, వీధిలో పోయేవాళ్లు చూస్తుండగా మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోవలసి వచ్చింది. పరుపులాయన చుట్టూ ఒకసారి తిరిగి, "మీ బరువంతా ఎడమ భుజం మీద పడుతోంది. అక్కడ దూది బిగించి వేస్తాను, ఇక లేవచ్చు" అన్నాడు. మేనేజరు గారు డాక్టరు దగ్గర్నుంచి వస్తున్నట్టు తల వంచుకుని నెమ్మదిగా వెళ్లిపోయారు.

ఇంత తెలిసిన మనిషికి కన్నకూతురికి పక్క వేయడం చేతకాలేదు.

ఆ పిల్లని ఇంట్లో బుడత అంటారు. మూడేళ్లు నిండి నాలుగు నెలలు. ఇంకా ఊచల తొట్టిలోనే పడుకుంటోంది. నాలుగు వైపులా నడుమెత్తు చెక్క ఊచలుండే పసిపిల్లల మంచం అది. పుట్టినప్పుడు అందులో ఓ మూలకి సరిపోయేది. ఇప్పుడు తల ఒక చివర ఆనిస్తే పాదాలు రెండో చివర ఊచల్లోంచి బయటికొస్తాయి. పాలు పోసే ఆవిడ ఒకనాడు ఆ పాదాలు చూసి, "పిల్లని పెంచుతున్నారా, ఉతికి ఆరేశారా" అని అడిగింది.

"ఇంకా చిన్నపిల్ల. మంచం మీద వేస్తే పడిపోతుంది" అన్నాడు పరుపులాయన.

పిల్ల సంగతి తల్లికి తెలుసు. తెల్లారగానే అది ఊచలెక్కి కిందికి దిగి, వంటింట్లో డబ్బా మూత తీసుకుని, రెండు బిస్కెట్లు తిని, మళ్లీ ఊచలెక్కి తొట్టిలోకి దిగి బుద్ధిగా కూర్చుంటుంది. తర్వాత నాన్న లేచి వచ్చి, "అయ్యో బంగారం, దిగలేకపోతున్నావా" అని ఎత్తుకుని దింపుతాడు. ఒకసారి తల్లి పట్టుకుని అడిగింది, నీ అంతట నువ్వు దిగగలవు కదే, నాన్న వచ్చేదాకా ఎందుకు కూర్చుంటావని. "నాన్న పాపం" అంది బుడత.

ఇలా ఎన్నాళ్లు సాగేదో గానీ, ఆ తొట్టికి వేరేచోట పని పడింది. పరుపులాయన చెల్లెలు పక్క ఊళ్లో ఉంటుంది. ఎనిమిదో నెల. బిడ్డ పుట్టేసరికి తొట్టి పంపిస్తానని మాటిచ్చింది ఈ అన్నగారే. ఆవిడ వారం వారం ఫోన్ చేసేది కాస్తా రోజూ చేయడం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, తొట్టి ఎప్పుడు పంపుతావు?"

"పంపుతానే. దానికి పక్క కుదరాలిగా."

"పరుపుల కొట్టులో పిల్లకి పక్క కుదరలేదంటే ఎవరైనా నమ్ముతారా? నా బిడ్డ మీసాలతో పుట్టేదాకా ఆగమంటావా?"

"చూస్తానన్నాగా."

ఆయన చూస్తూనే ఉన్నాడు. అదే వచ్చిన చిక్కు.

ఇంట్లో ఖాళీగా ఉన్న మంచం ఒక్కటే, మధ్యగదిలో కిటికీ పక్కన. ఆయన తల్లిది. ఆవిడ పోయి పదకొండు నెలలయింది. దాని మీద ఉన్నది ఆయన పదహారో ఏట కుట్టిన మొట్టమొదటి పరుపు. తర్వాత ఆయన ఎన్ని మంచి పరుపులు కుట్టినా ఆవిడ మార్చనివ్వలేదు. ఇరవై రెండేళ్లు దాని మీదే పడుకుంది. మధ్యలో ఆవిడ ఆకారానికి గుంట పడింది. ముడుచుకున్న మోకాళ్ల దగ్గర ఒక వంపు, తల దగ్గర చిన్న పల్లం. చూస్తే ఇప్పుడే లేచి మంచినీళ్లకి వెళ్లినట్టుంటుంది.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఆ పరుపు విప్పి, దూది మళ్లీ ఏకి, కొత్త గుడ్డలో నింపి పిల్లకి సరిపడా కుట్టాలి. ఊళ్లో అందరి పాత పరుపులకీ ఆయన చేసేది అదే, ఒక్క పూటలో. ఈ ఒక్కదాన్ని మాత్రం పదకొండు నెలలుగా నెలకోసారి ఎండలో వేసి, దులపకుండా, గుంట చెదరకుండా, నిండు కుండ మోసినట్టు లోపలికి తెచ్చి మంచం మీద వేస్తున్నాడు. ఎవరైనా దాని మీద కూర్చోబోతే, "ఇటు కుర్చీలో కూర్చోండి, గాలొస్తుంది" అంటాడు. విప్పితే గుంట పోతుంది. గుంట పోతే అమ్మ రెండోసారి పోయినట్టే ఆయనకి. ఆ మాట ఆయన పైకి అనలేదు. భార్య కూడా అనిపించలేదు. పిల్ల పడిపోతుందని ఆయన అంటే, పడదని ఆవిడ అనేది. ఇద్దరూ పిల్ల గురించే మాట్లాడుతున్నట్టు మాట్లాడుకునేవాళ్లు.

చెల్లెలి ఫోన్ల పోరు పడలేక, చివరికి ఆయన ఒక ఉపాయం చేశాడు. పాత పరుపు జోలికి పోకుండా, బుడత కోసం సరికొత్త పరుపు కుట్టి దాని మీద వేశాడు.

ఆయన పరుపులకి ఒక పద్ధతి ఉంది. మధ్యలో దూది దట్టించి ఎత్తుగా, బోర్లించిన పడవలా కుడతాడు. మనిషి బరువుకి ఏడాదిలో అణిగి చదునవుతుంది, తర్వాత పదేళ్లు అలాగే ఉంటుంది. అదే ఆయన పేరు నిలబెట్టింది. కూతురి పరుపు కదా అని ఇంకో రెండు దోసిళ్లు ఎక్కువే దట్టించాడు. మంచం, మంచం మీద పాత పరుపు, దాని మీద పడవ. బుడత ఎక్కడానికి కుర్చీ వేయాల్సి వచ్చింది.

భార్య గుమ్మంలో నిలబడి చూసింది. "పిల్లకి పక్క వేశారా, కొండ కట్టారా?"

"అణుగుతుంది."

"దీని బరువుకి అది అణగాలంటే దీనికి పెళ్లీడు రావాలి."

మధ్యాహ్నం అన్నం తినిపించి బుడతని శిఖరం మీద పడుకోబెట్టారు. నిద్రపోయింది. పరుపులాయన కొట్లోకి వెళ్లి దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడో లేదో, లోపల ధబ్బున చప్పుడైంది. పరిగెత్తి వెళ్లేసరికి పిల్ల నేల మీద ఉంది. నుదుటి మీద గోలీకాయంత బొప్పి. రెండు సార్లు ఏడ్చి, కొండ వంక చూసి, "మళ్లీ" అంది. జారుడుబల్ల అనుకుంది పాపం.

పిల్ల బాగానే ఉంది. ఆయనే గంటసేపు మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాడు. కూర్చుని, లేచి, కూతుర్ని తిరిగి తొట్టిలో పెట్టి, "వచ్చే ఏడాది చూద్దాం" అని తీర్పు చెప్పాడు. తొట్టిలోంచి బుడత పాదాలు బయటపెట్టి ఊపింది.

మర్నాడు చెల్లెలు ఫోన్ చేయలేదు. బస్సెక్కి తానే వచ్చేసింది. ఒక చేయి నడుం మీద, ఒక చేయి గుమ్మం మీద వేసి ఊపిరి పీల్చుకుంది.

"ఈ స్థితిలో బస్సులో ఎందుకొచ్చావే?" అన్నాడు అన్నయ్య.

"నిన్ను చూడ్డానికి వచ్చాననుకుంటావేమో. తొట్టి కోసం వచ్చాను. ఏమే మేనకోడలా, నుదుటి మీద ఆ గుండీ ఎవరు కుట్టారు?"

"నాన్న" అంది బుడత.

వదిన కొండ కథంతా చెప్పింది. ఆడపడుచు నవ్వి నవ్వి, కడుపు పట్టుకుని, "ఆపు వదినా, ఇక్కడే కనేసేలా ఉన్నాను" అంది. నవ్వు తగ్గాక లేచి, పైనున్న కొత్త పరుపు అంచు పట్టుకుని కిందికి లాగింది. పరుపులాయన "ఆగు, ఆగు" అంటున్నాడు, ఆవిడ ఆగలేదు. పడవ నేల మీద పడింది. ఆవిడ మెల్లగా అమ్మ మంచం మీద కూర్చుని, అన్నయ్య మొహం వంక చూడకుండా, నడుం వాల్చేసింది.

ఆవిడ కుడి పక్కకి తిరిగి చూసింది. ఎడమ పక్కకి తిరిగి చూసింది. లేచి కూర్చుంది.

"అమ్మ నిజమే చెప్పింది."

"ఏం చెప్పింది?"

"కుడి పక్కకి తిరిగితే డొక్కలో గడ్డ, ఎడమ పక్కకి తిరిగితే తుంటి కింద గడ్డ. ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గోల. 'ఒసేయ్, మీ అన్న కుట్టిన పరుపు మీద నా నడుం పోయింది, వాడికి మాత్రం చెప్పకు' అనేది. ఆ రెండు గడ్డల మధ్య ముడుచుకుని కదలకుండా పడుకునేదట. అందుకే ఇక్కడ ఈ గుంట."

"నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడాయన.

"నీకెలా చెబుతుంది? 'మొదటిది బాగోలేదంటే వాడు రెండోది కుడతాడా' అనేది నాతో. నువ్వు రెండోది కుట్టాక మానేయచ్చు కదా అంటే, అలవాటైపోయిందిలే అనేది."

పరుపులాయన మంచం దగ్గరికి వచ్చి, పరుపు మీద అరచేయి పెట్టి నొక్కాడు. పదకొండు నెలలుగా చూస్తున్నాడు గానీ ఎప్పుడూ నొక్కి చూడలేదు. కుడి వైపు గడ్డ చేతికి తగిలింది. ఎడమ వైపు గడ్డ తగిలింది. తల దగ్గర మూడోది కూడా ఉంది, దాని సంగతి ఆవిడ కూతురితో కూడా చెప్పినట్టు లేదు. ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాళ్లని కూడా బల్ల మీద పడుకోబెట్టి చుట్టూ తిరిగి చూసిన మనిషి, అమ్మని ఒక్కసారి పడుకోమని అడగలేదు. ఆవిడ మార్చవద్దంటే, పరుపు బాగుండబట్టే అనుకున్నాడు. ఇరవై రెండేళ్లు లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా.

కాసేపటికి ఆయన కొట్లోకి వెళ్లి బ్లేడు తెచ్చాడు. పరుపుని ఎత్తి బల్ల మీదికి చేర్చాడు. ఈసారి నిండు కుండలా మోయలేదు, మామూలు పరుపులా భుజాన వేసుకున్నాడు. మొదటి కుట్టు తెంపడానికే ఆలస్యమైంది. తర్వాత గబగబా సాగింది. లోపల దూది ఏకకుండా పిడికిళ్లతో కుక్కినట్టుంది. కుట్లు ఒకటి తూర్పుకీ, ఒకటి పడమరకీ. పనివాడి కోపం వచ్చింది ఆయనకి.

"ఎవడు కుట్టాడు దీన్ని, చేతులా కాళ్లా అవి?"

"పేరున్న పనివాడేనండీ" అంది భార్య. "చాలా మర్యాదస్తుడు. అత్తయ్యని తప్ప అందర్నీ అడిగి కుడతాడు."

ఆయన తల ఎత్తి చూశాడు. ఆవిడ నవ్వుతూనే ఉంది గానీ, కొంగు మాత్రం కళ్ల దగ్గర ఉంది. మిషనులో దూది పడగానే గదంతా అమ్మ రాసుకునే నొప్పుల మందు వాసన లేచింది. నలకలు పడ్డాయని ముగ్గురూ కళ్లు తుడుచుకున్నారు. దూది కొట్టులో ఆ సౌకర్యం ఉంది.

దూదిలో సగం పొడైపోయింది. మిగిలింది సరిగ్గా పిల్ల పరుపుకి వచ్చింది. ఆయన బుడతని బల్ల మీద పడుకోబెట్టి, నిద్రపోయాక పక్కన కూర్చుని చూశాడు. పావుగంటలో దాని తల గడియారం ముల్లులా చుట్టూ తిరిగొచ్చింది. "ఈ మనిషికి ఇటు అటు అని లేదు" అనుకుని, మధ్యలో ఎత్తు లేకుండా పలచగా, అంచులు మాత్రం గట్టు కట్టినట్టు కుట్టాడు. ఖాతాదారులు చూస్తే నవ్విపోతారని పైన దుప్పటి కప్పాడు.

ఆదివారం చెల్లెలు సామాన్ల ఆటోలో తొట్టి ఎక్కించుకుని, ముందు సీట్లో కూర్చుంది. పరుపులాయన ఊచలకి గుడ్డ చుట్టి, తాళ్లు బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. బుడత తండ్రి చంకలోంచి అంతా జాగ్రత్తగా చూసింది.

"నాన్నా, అత్త అందులో పడుతుందా?"

"వినబడిందే" అంది అత్త. ఆటో కదిలింది.

ఆ మధ్యాహ్నం బుడత నానమ్మ మంచం మీద, తన పరుపు మీద పడుకుంది. పరుపులాయన మంచానికి రెండు పక్కలా దూది బస్తాలు పరిచి, గదిలో కాలు పెట్టడానికి చోటు లేకుండా చేశాడు. తను కిటికీ వైపు బస్తా మీద కూర్చుని, ఒక చేయి మంచం అంచుకి ఆనించి కాపలా కాశాడు. పిల్ల పొర్లింది. గట్టు దాకా వెళ్లి, గట్టుకి వీపు ఆనించి, నోరు తెరిచి నిద్రపోయింది. మళ్లీ పొర్లి ఇవతలికి వచ్చింది. పడలేదు.

భార్య వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే కొట్టు గుమ్మంలోంచి ఎవరో పిలిచారు. మేనేజరు గారు. ఇంకో పరుపు కావాలట, భార్యకి.

"సాయంత్రం రండి. లోపల పడుకున్నారు" అంది ఆవిడ గొంతు తగ్గించి.

ఆయన కూడా గొంతు తగ్గించారు. "పాపా? పాపం, లేపకండి."

"పాప లేచి చాలాసేపయింది, పెరట్లో ఆడుకుంటోంది. పడుకున్నది వాళ్ల నాన్న" అని, ఆవిడ కొట్టు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.