చప్పట్లకి మెలకువ వచ్చింది

ఈ రోజు పక్కింటి శీనన్న నన్ను ఫిల్మ్ నగర్‌లో ఓ ప్రివ్యూ షోకి తీసుకెళ్లాడు. ఆట అయ్యాక డైరెక్టర్ గుమ్మం దగ్గర నిలబడతాడు. వచ్చినవాళ్లంతా చేయి కలిపి "అదిరిందండీ" అనాలి, అదీ మర్యాద.

"నువ్వు గూడ గట్లనే అను. నా ఇజ్జత్ తియ్యకు," అన్నాడు శీనన్న.

ఈ మధ్య ఇలాంటి "అదిరింది"లు నమ్మే వరసగా మూడు సినిమాలకి బలయ్యాను. చచ్చినా అననని నిశ్చయించుకున్నాను.

ఆట అయ్యాక డైరెక్టర్ చేయి అందుకుని, "ఇంటర్వెల్ తర్వాత నిద్రపోయానండీ," అన్నాను.

డైరెక్టర్ నా చేయి వదల్లేదు. "మెలకువ ఎప్పుడొచ్చింది?"

"చివర్లో చప్పట్లకండీ."

"అవి కొట్టింది మావాళ్లేనండీ," అన్నాడు నీరసంగా. "కూర్చోండి, ఎక్కడ నిద్ర పట్టిందో చెప్పండి."

శీనన్న ఇంకా నాతో మాట్లాడటం లేదు. మీరైతే ఏమనేవారు? దయచేసి కింద "అదిరింది" అని మాత్రం రాయకండి.