డేగిసాలో బాంబు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఫోనులో ఏదో పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా చూస్తూ, పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాకు కథ చెప్పబోయింది. మతి చెడిన ఒక సైన్యాధికారి ఎవరినీ అడగకుండా అణుబాంబుల విమానాలను శత్రుదేశం మీదికి పంపేస్తాడనీ, వాటిని వెనక్కి పిలిపించడం చేతగాక ఆ దేశపు పెద్దలంతా ఒక గదిలో చేరి పోట్లాడుకుంటారనీ, లోకం బూడిదయ్యేలా ఉన్నా మనకు మాత్రం నవ్వు ఆగదనీ అది చెబుతుంటే, ఆ తర్వాత ఏమవుతుందో నేనే చెప్పేశాను. ఇంగ్లీషు సినిమా అంటే ఆమడదూరం పోయే అమ్మకు ఇదెలా తెలుసని అది నోరు తెరిచింది. ఆ సినిమా వల్లనే నా మొదటి ఉద్యోగం పోయిందని దానికి ఇన్నాళ్లూ చెప్పలేదు. సిగ్గుపడి కాదు, అడిగినవాళ్లు లేక.

తొంభైల చివరి రోజులవి. ముంచింగిపుట్టుకు కాస్త ఎడంగా, కొండ అంచున ఉన్న ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పడానికి తాత్కాలిక పద్ధతిలో చేరాను. నాన్న పోయాక అన్నయ్య జీతం విశాఖలో వాడి సంసారానికే చాలేది కాదు, పల్లెలో అమ్మను చూసుకోవలసింది నేనే. అరకు దాకా రైల్లో సొరంగాల చీకట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, అక్కణ్నుంచి బస్సులో కోళ్లబుట్టల మధ్య నిలబడి, మలుపు మలుపుకీ నిమ్మకాయ వాసన చూసుకుంటూ బడికి చేరిన ఆ ప్రయాణాలు తలుచుకుంటే, ఇప్పుడు కారులో రెండు గంటలు కూర్చోలేని నేనేనా అనిపిస్తుంది.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ వేసవిలోనే మన దేశం ఎడారిలో అణుపరీక్షలు జరిపింది. సెలవులయి బడి తెరిచేసరికి, పంద్రాగస్టుకు పిల్లలచేత అట్టతో పెద్ద బాంబు చేయించి ఊరేగించాలని పైనుంచి మాట వచ్చింది. అట్టలూ జిగురూ తెచ్చి పిల్లల ముందు పెడితే, ఇదేం చేస్తుంది టీచర్ అని అడిగారు. జపాను ఊళ్ల సంగతి చెప్పాను. అలాటి దాన్ని పువ్వులు కట్టి ఎందుకు ఊరేగించాలని ఒక పిల్ల మళ్లీ అడిగింది. తర్వాత చెబుతానని కత్తెర వాళ్ల చేతికిచ్చాను. ఆ నెలలో విశాఖ వెళ్లినప్పుడు ఈ గొడవ అన్నయ్యతో అంటే, సినిమాల పిచ్చివాడైన మా అన్నయ్య ఫక్కున నవ్వి, తన దగ్గరున్న క్యాసెట్టు వేసి, ఒక్కొక్క దృశ్యం ఆపి అర్థం చెప్పి, జవాబు ఇందులో ఉందంటూ దాన్ని నా సంచిలో పడేశాడు.

పాఠాల కోసమని బడికిచ్చిన టీవీ, వీసీఆరు ఉండేవి. ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట వాన దంచుతుంటే, పెద్ద తరగతుల పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి ఆ సినిమా వేశాను. కరెంటు పోతూ వస్తూ ఉండేది. నేను తెలుగులో చెబితే ముందు వరుస పిల్లలు దాన్ని వాళ్ల కొండభాషలో వెనక్కి అందించేవారు, అందువల్ల నవ్వు కూడా ముందు వరుసలో మొదలై కాసేపటికి వెనక గోడను తాకేది. వంట చేసే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ, “ఆ టోపీ ఆయనకి ఎర్రెక్కిందేటి టీచరమ్మా?” అంది. అవునన్నాను. ఆవిడ నవ్వలేదు. “మా ఊరు ముంచినపుడూ ఇలాగే. టోపీలోల్లు బల్ల సుట్టూ కూకుని కాయితం మీద గీత గీసినారు. నీల్లు మా ఇంట్లోకి వచ్చినాయి” అంది. ఎగువన ఆనకట్ట కట్టినప్పుడు ఆవిడ చిన్నపిల్లట. ఆ కొండల్లో అలా మునిగిన ఊళ్లు ఎన్నో.

పంద్రాగస్టుకు నాటకం వేద్దామన్నది ఆవిడ మనవరాలు. తొమ్మిదో తరగతి, పొట్టి పిల్ల, గొంతు మాత్రం గంట. వంటింట్లో అడుగు ఊడిపోయి మూలపడ్డ పెద్ద డేగిసాకు మసి పూసి, తాళ్లతో భుజాలకు తగిలించుకుంటే కింద కాళ్లు, పైన తలకాయతో బాంబు తయారైంది. కాగితం టోపీల సేనాధిపతులు దాని చుట్టూ మూగి కయ్యం పెట్టుకుంటుంటే, బాంబు ఒక్కొక్కరి దగ్గరికీ గునగునా నడిచి, నేనెక్కడ పడాలని అడుగుతుంది. ఒకడు తూర్పంటాడు, ఒకడు పడమరంటాడు, మూడోవాడు ముందు పడు, తర్వాత చెబుతామంటాడు. సినిమాలో ఇవేవీ లేవు, అన్నీ పిల్లలే అల్లుకున్నారు.

రిహార్సలు చూసి మా పెద్ద మేడమ్ గారు, రిటైరు కావడానికి దగ్గరపడ్డ మెత్తని మనిషి, మొదట కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఆ వెంటనే భయపడ్డారు. ఆవిడ భయపడినంతా అయింది. హాస్టలుకు బియ్యం తోలే కాంట్రాక్టరు కిటికీలోంచి చూసి ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పాడు. పై ఆఫీసు నుంచి ఒక అధికారి జీపులో దిగి, మేడమ్ గారి గదిలోకి నన్ను పిలిపించాడు.

“పిల్లల చేత దేశాన్ని వెక్కిరిస్తున్నావా?”

“దేశాన్ని కాదండీ, బాంబుని. రెండూ ఒకటి కావు కదండీ.”

నాటకం మానేయమన్నాడు. పర్మిషన్ లేదన్నాడు. తప్పయిందని రాసిస్తే పోనీలే అనుకుంటాననీ, నాది పర్మనెంటు ఉద్యోగం కాదన్న సంగతి గుర్తుంచుకోమనీ అన్నాడు. మేడమ్ గారు కాగితం, పెన్ను నా ముందుకు జరిపి, రాసేయమ్మా అన్నట్టు కళ్లతోనే బతిమాలారు. పల్లెలో అమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడ మందులు గుర్తుకొచ్చాయి. అయినా కిటికీ అవతల మొహాలు ఆనించి చూస్తున్న ఆ పిల్లల ముందు, మీ నవ్వు తప్పని నా చేత్తో ఎలా రాయను? “తప్పు జరగలేదండీ, రాయను” అన్నాను. కాగితం తెల్లగానే వెనక్కి జరిపాను.

పంద్రాగస్టున పిల్లలు జెండాకు నిండుగా వందనం చేశారు, జనగణమన ఒక్క అక్షరం తడబడకుండా పాడారు. అట్టబాంబు మాత్రం లేదు, రాత్రి వానకు నాని ముద్దయిపోయిందని పెద్దమ్మ చెప్పింది. పైకప్పు కింద ఉన్నది ఎలా నానిందని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రమే ఆవిడ నా దగ్గరికొచ్చి, “బళ్లో వొద్దన్నారు గానీ సంతలో వొద్దన్నారా? గుంటల్ని సంతకి నాను తీసుకెల్తాను, నువ్వు రావొద్దు” అంది. పిల్లలు వెళుతుంటే నేను లేకుండా ఎలా, అన్నాను.

సంత రోజు సన్నగా జల్లు. పసుపుకొమ్ములూ చింతపండూ అడ్డాకులూ పరిచిన బరకాల మధ్య, గొడుగుల కింద జనం. ముందుగా ఒక పిల్ల డప్పు కొట్టింది. మరుక్షణం కాగితం టోపీలు గుండ్రంగా చేరాయి. డేగిసా నడుచుకుంటూ రాగానే సంత సంతంతా విరగబడి నవ్వింది. బేరాలు ఆగిపోయాయి. నవ్వుతున్న వాళ్లలో ఆనకట్ట నీళ్లలో ఊళ్లు పోయిన ముసలివాళ్లున్నారని నాకు తెలుసు. అంతలో లాఠీ పట్టుకుని ఒక కానిస్టేబులు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఆ రోజుల్లో ఆ కొండల్లో నలుగురు గుమిగూడితే చాలు పోలీసులు వచ్చేవారు. నవ్వు ఠక్కున ఆగింది. టోపీల పిల్లలు బిగుసుకుపోయారు. నేను గుంపులోంచి అడుగు ముందుకు వేసేలోపే, పెద్దమ్మ మనవరాలు డేగిసాతో సహా అతని ఎదటికి నడిచి, తలెత్తి అడిగింది.

“బాబూ, పోలీసు బాబూ, నానెక్కడ పడాలి?”

అతను మైదానం వాడు, నడివయసు, ఇంటి దగ్గర ఆ ఈడు పిల్ల ఉందేమో. లాఠీ చంకలో పెట్టుకున్నాడు.

“ఎక్కడా పడకు తల్లీ. బేగి ఇంటికెల్లిపో. వాన్లో తడిసిపోతన్నావు.”

ఆ నవ్వు, ఆ ఈలలు, ఆ డప్పు మోత నేను చెప్పలేను. పిల్లలు రాసుకున్న ముగింపు వేరే, కానీ ఆ రోజుకు నాటకం అక్కడే ముగిసింది. జనంలో ఒక నల్ల గొడుగు కింద, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్న మా పెద్ద మేడమ్ గారిని కూడా చూశాను. ఆవిడ నన్ను చూసి గొడుగు కిందికి దించుకున్నారు.

ఆ నెలాఖరున నన్ను రావద్దన్నారు. పిల్లలు బస్సు దాకా వచ్చి, ఏడవకూడదని పందెం వేసుకున్నట్టు బిగపట్టుకు నిలబడ్డారు. ఆ ఏడాదంతా మా పల్లెలో ట్యూషన్లు చెప్పాను, చిన్నచిన్న బళ్లలో సగం జీతాలకు చేశాను, అమ్మ మందులకు కొన్నాళ్లు ఇబ్బందే పడ్డాం. అమ్మ మాత్రం ఒక్కనాడూ నన్ను రాసివ్వవలసిందనలేదు. ఈ వయసులో మళ్లీ అదే కాగితం నా ముందుకు జరిపినా తెల్లగానే వెనక్కి ఇస్తాను.

పెద్దమ్మ ఎప్పుడో పోయింది. ఆ మనవరాలిప్పుడు ఆ కొండల్లోనే ఒక బళ్లో టీచరు, పర్మనెంటు. అమ్మాయితో కలిసి సినిమా చూసిన సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. బడి మేడ కట్టారట, గదికో టీవీ ఉందట, దానిలో ఏం చూపించాలో పైనుంచే వస్తుందట, సంతలో ఎవరేం చేసినా పదిమంది ఫోనుల్లో తీస్తారట. పిల్లలతో ఎప్పుడైనా నాటకం వేయించావా అని అడిగాను. నవ్వింది. ఆ గొంతులో గంట అలాగే ఉంది గానీ, కాస్త మెల్లగా మోగింది.

“ఇప్పుడు పర్మిషన్ ఎవరిస్తారు టీచర్?” అంది.

అప్పుడు మాత్రం మనకు ఎవరిచ్చారే, అన్నాను. అవతల వాన పడుతున్న చప్పుడు వినిపించింది.